మొదట కట్టాం, ఆఖరున మిగిలాం

2024 సెప్టెంబరు మొదట్లో టీవీలో ప్రకాశం బ్యారేజి చూస్తూ కూర్చున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. 11.43 లక్షల క్యూసెక్కులు! 2009 అక్టోబరు వరద రికార్డు కూడా పోయింది. ఏది కనబడినా లెక్కలేసే జబ్బొకటి ఉంది కదా మనకి, క్యాలిక్యులేటర్ తీశాను. ఆ జోరుతో ఒక్కరోజు పారితే దాదాపు 99 టీఎంసీలు. కృష్ణా డెల్టాకి బచావత్ ట్రిబ్యునల్ ఏడాదికి ఇచ్చింది 181.2. అంటే మొత్తం డెల్టా ఏడాది వాటా రెండ్రోజుల్లో సముద్రం పాలు. బ్యారేజిలో ఆపుకోగలిగేది మూడు టీఎంసీల చిల్లర, ఆ వరదకి ముప్పావుగంట పని.

మరీ ఇంత తక్కువేంటి అనిపిస్తుంది. అసలు దాన్ని నీళ్ళు దాచుకోడానికి కట్టలేదండీ. 1832-33 నాటి కరువులో గుంటూరు సీమ ఊళ్ళకి ఊళ్ళు తుడిచిపెట్టుకు పోయాక, ఏటి నీళ్ళని కాస్త పైకెత్తి కాలవల్లోకి మళ్ళిస్తే చాలనుకున్నారు. 1855లో ఆనకట్ట పూర్తయింది. (కాటన్ దొర ఫొటోలు ఊరూరా ఉంటాయి గానీ, ఇక్కడ దగ్గరుండి కట్టించిన కెప్టెన్ ఓర్ పేరు ఎవరికీ గుర్తుండదు.) 1952లో దానికి గండిపడితే, 1957కి ఇప్పటి బ్యారేజి వచ్చింది. రెండిటికీ ఒకటే ధీమా: తొలకరికి ఏరు తనంతట తనే వస్తుంది.

ఆ ధీమా ఎక్కడ పోయిందో చూడండి. అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ 2007లో కృష్ణ మీద వేసిన నివేదిక ప్రకారం 1901-60 మధ్య సగటున ఏటా 57 బిలియన్ ఘనపు మీటర్లు, అంటే రెండువేల టీఎంసీలు, సముద్రంలో కలిసేవి. 1990-2001లో అది 21కి పడింది. 2001-04లో ఒకటి కూడా లేదు.

వానలు తగ్గాయంటారు. ఆ మూడేళ్ళూ కరువు మాట నిజమే. కానీ పైన వాడుకున్నది కూడా కలిపి లెక్కగట్టిన బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్‌కి 2010లో 75 శాతం నమ్మకంతో తేలిన నీళ్ళు 2173 టీఎంసీలు. బచావత్ నాటి అంకె 2060. అంటే ఏరు చిక్కిపోలేదు, పైన తాగేవాళ్ళు పెరిగారు. జొన్న చేలల్లో చెరుకు, ఊరూరా బోర్లు, ఆల్మట్టి, శ్రీశైలం, సాగర్. అవన్నీ నిండాకే మన వంతు. వాళ్ళని తిట్టబుద్ధి కాదు నాకు. 1855లో మనం చేసిన పనే వాళ్ళు వందేళ్ళు ఆలస్యంగా చేశారు.

దీనికి తోడు వాన తీరు మారింది. మధ్య భారతంలో 1951-2000 మధ్య మోస్తరు వానలు తగ్గి కుంభవృష్టులు పెరిగాయని శాస్త్రజ్ఞులు 2006లోనే తేల్చారు. మామూలు వానని పైనున్న పొలాలూ జలాశయాలూ తాగేస్తాయి, కుంభవృష్టి మాత్రం తిన్నగా బెజవాడ మీదికి వస్తుంది. సగటు బావుందని సర్వర్లు కొంటే పండగ సేల్ రోజు ఏమవుతుందో మనవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు :)

2015లో పట్టిసీమ వచ్చాక ఖరీఫ్‌కి గోదావరి నీళ్ళు అందాయి. మా దివిసీమ చుట్టాలు ఇప్పటికీ దాని పేరు చెప్పుకుంటారు. ఆ నీళ్ళు పోలవరం కుడికాలవ మీదుగా వచ్చి, బుడమేరు మళ్ళింపు కాలవలో పడి, బ్యారేజికి ఎగువన కృష్ణలో కలుస్తాయి. 2024లో కృష్ణ నిండుగా ఉండి బుడమేరు నీళ్ళని తీసుకోలేకపోయింది. వెలగలేరు గేట్లెత్తితే ఆ నీళ్ళు పాత దారి పట్టాయి, మళ్ళింపు కాలవకీ గండ్లు పడ్డాయి. పాత దారిలో ఇప్పుడు సింగ్ నగర్ ఉంది. అక్కడ జనం రోజుల తరబడి మేడల మీద కూర్చుని తాగేనీళ్ళ ప్యాకెట్ల కోసం పడవల వంక చూశారు.