వేల ఏళ్ల కసరత్తు, నిన్నమొన్నటి వైద్యం

షుగర్ జబ్బుకు మందులతోపాటు చైనా సంప్రదాయ కసరత్తులు కూడా మేలు చేస్తాయనేవాళ్లు సాధారణంగా వాటి వయసుతో మొదలుపెడతారు. రెండు వేల ఏళ్లు నిలిచిందంటే అందులో ఏదో ఉండే ఉంటుందని వాళ్ల వాదం. వయసు మాట అబద్ధమేమీ కాదు. 1973లో హునాన్ రాష్ట్రంలోని చాంగ్‌షా దగ్గర మావాంగ్‌దుయ్‌లో తవ్విన మూడో సమాధిలో ఒక పట్టుచిత్రం చిరుగుపేలికలుగా దొరికింది. ఆ సమాధిని మూసింది క్రీ.పూ. 168లో. ముక్కలు అతికిస్తే నాలుగు వరుసల్లో 44 బొమ్మలు తేలాయి. ఒక్కోటి జానెడులో సగం ఎత్తు. ఆడవాళ్లూ మగవాళ్లూ ఉన్నారు. ఒకరు చేతులు పైకి చాపారు, ఒకరు కర్ర పట్టుకుని నడుము వంచారు, కొందరికి పైబట్ట లేదు. పక్కన రాసిన పేర్లలో కొన్ని జంతువులవి, కొన్ని రోగాలవి. ఫలానా బాధకు ఫలానా కదలిక అన్న ఆలోచన అప్పటికే ఉందన్నమాట. అయితే ఆ బొమ్మల నుంచి ఈనాటి ఆసుపత్రి కరపత్రం దాకా ఒకే విద్య చెక్కుచెదరకుండా వచ్చిందనడానికి ఆధారాలు లేవు. ఉన్న ఆధారాలు ఇంకో కథ చెబుతున్నాయి. అందుకే ఇవి షుగర్‌కు ఎంతవరకు పనికొస్తాయో తేల్చాలంటే, ముందు ప్రాచీనతను సాక్షిబోనులోంచి దింపెయ్యాలి.

చైనా పాత వైద్యంలో షుగర్‌కు దగ్గరగా కనిపించే రోగం షియావోకె: తీరని దాహం, ఒళ్లు కరిగిపోవడం. తీపీ కొవ్వూ అతిగా తినేవాళ్లకు ఇది వస్తుందని ప్రాచీన గ్రంథం హువాంగ్‌దీ నెయ్‌జింగ్ చెప్పింది. క్రీ.శ. 610లో సుయి వంశపు ఆస్థాన వైద్యుడు చావో యువాన్‌ఫాంగ్ కూర్చిన రోగకారణాల గ్రంథం ఇంకాస్త ముందుకెళ్లింది. అందులో మందుల కన్నా కసరత్తులే ఎక్కువ. షియావోకె ఉన్నవాడు బట్టలు వదులుచేసుకుని, నిమ్మళంగా పడుకుని, నడుము సాగదీసి, పొత్తికడుపు ఉబ్బించి, అయిదు ఊపిర్లపాటు అలాగే ఉండాలట. తరవాత 120 అడుగులు, చేతనైతే వెయ్యి అడుగులు నడిచి, ఆపైన భోజనం చెయ్యాలట. మన సుశ్రుత సంహిత ఇంత దయ చూపలేదు. షుగర్‌ను పోలిన ప్రమేహం వచ్చిన పేదవాణ్ని చెప్పులూ గొడుగూ లేకుండా నూరు యోజనాలు నడవమంది, లేదంటే బావి తవ్వమంది. ఒంటికి పని చెప్పాలన్న సంగతి ఇద్దరికీ తెలుసు. కానీ షియావోకెనూ టైప్ 2 మధుమేహాన్నీ ఒకటే అనుకోవడానికి లేదు. పాత వైద్యుడి దగ్గరికి వచ్చినవాడు దాహంతో అల్లాడుతూ వచ్చాడు. ఇప్పటి రోగుల్లో చాలామందికి దాహమూ లేదు, నీరసమూ లేదు. రక్తపరీక్ష కాగితం చూశాకే జబ్బున్నట్టు తెలుస్తుంది. ఆ జబ్బుకు 610 నాటి అనుభవం నేరుగా వర్తించదు.

కసరత్తులైనా మారకుండా ఉన్నాయా అంటే అదీ లేదు. మధుమేహ పరిశోధనల్లో ఈమధ్య తరచుగా వినపడే బాదువాన్‌జిన్‌నే చూడండి. ఇప్పుడు పార్కుల్లో చేసేది నిలబడి చేసే ఎనిమిది కదలికల వరస. రెండు చేతులూ ఆకాశాన్ని మోస్తున్నట్టు పైకెత్తడంతో మొదలవుతుంది. డేగమీదికి బాణం వెయ్యబోతున్నట్టు విల్లు లాగే భంగిమ ఒకటుంది. చివర మునివేళ్లమీద లేచి మడమలు నేలకు తగిలేలా ఏడుసార్లు ఒళ్లు వదులుతారు. ఈ పేరు కనిపించే తొలి ప్రస్తావనల్లో ఒకటి 12వ శతాబ్దపు రచయిత హోంగ్ మాయ్‌ది. 1117 ప్రాంతంలో ఒక కొలువు ఉద్యోగి అర్ధరాత్రి లేచి కూర్చుని, ఊపిరి పీల్చి వదులుతూ, ఒళ్లు మర్దనా చేసుకుంటూ బాదువాన్‌జిన్ చేసేవాడట. కూర్చుని చేసే మర్దనా ఎక్కడ, నిలబడి విల్లు లాగడం ఎక్కడ! చైనాకు కసరత్తులు నేర్పాడని చెప్పుకునే బౌద్ధ భిక్షువు బోధిధర్ముడి సంగతీ అంతే. ఆ పేరు వినగానే మన సినిమా ప్రేక్షకులకు ‘సెవెన్త్ సెన్స్’ గుర్తొచ్చి, ఇదంతా మన దక్షిణాది నుంచే వెళ్లిందని ఛాతీ ఉబ్బుతుంది. ఆయన పేరు మీద చలామణి అయ్యే ఈజిన్‌జింగ్ అనే కసరత్తుల పుస్తకం 17వ శతాబ్దపు రచన అనీ, ముందుమాటలు కల్పితమనీ చైనా పరిశోధకులే ఎప్పుడో తేల్చారు.

ఇక వైద్యం అన్న హోదా మరీ కొత్తది. హెబెయ్ రాష్ట్రంలో లియు గుయ్‌జెన్ అనే కమ్యూనిస్టు కార్యకర్త కడుపులో పుండుతో 1947లో సొంతూరు చేరాడు. అక్కడ ఒక సంప్రదాయ గురువు నేర్పిన ఊపిరి సాధనతో కోలుకున్నాడు. పార్టీ అధికారులు ఆసక్తి చూపారు. సాధనలోని మంత్రంలోంచి మతవాసన ఉన్న మాటలు తీసేసి, ఆరోగ్యం గురించిన వాక్యం పెట్టారు. 1949లో దానికి చిగోంగ్ అని పేరు ఖాయం చేశారు. 1956 నాటికి సముద్రతీర పట్టణం బెయ్‌దాయ్‌హెలో చిగోంగ్ శానటోరియం నడిచింది. సాంస్కృతిక విప్లవంలో అదంతా మూతపడింది. 1980లలో పగ్గాలు తెగాయి: స్టేడియాలు నింపే గురువులు, దూరం నుంచే రోగం కుదిర్చే శక్తి ప్రసారాలు. 1999లో, చిగోంగ్ ఊపులోంచే పుట్టిన ఫాలున్ గోంగ్‌పై నిషేధం వచ్చాక ప్రభుత్వం మళ్లీ కత్తెర పట్టింది. 2003లో క్రీడాశాఖ నాలుగు వరసలను ప్రామాణికంగా ప్రకటించింది. బాదువాన్‌జిన్ అందులో ఒకటి. కల్పిత ముందుమాటల ఈజిన్‌జింగ్ మరొకటి. నేటి పరిశోధనల్లో రోగులు ఎక్కువగా చేస్తున్నది ఇలా ప్రభుత్వం దిద్ది అచ్చువేసిన రూపాన్నే.

కొత్తదైతే బూటకమేనా అని ఎవరైనా అడగవచ్చు. కాదు. కొత్త మందును ఎలా తూస్తామో అలాగే తూచాలంటున్నాను, అంతే. వ్యాయామం షుగర్‌ను ఆపగలదన్న గట్టి రుజువుల్లో ఒకటి చైనాలోనే పుట్టింది. 1986లో చమురు పట్టణం దాచింగ్‌లో షుగర్ అంచున ఉన్న 577 మందిని ఎంచుకుని ఆరేళ్లు గమనించారు. ఏ సలహా లేనివాళ్లలో 67.7 శాతం మందికి జబ్బు వచ్చింది. వ్యాయామం చేసినవాళ్లలో 41.1 శాతం మందికే. ఆ వ్యాయామాల పట్టికలో నడక, సైకిలు, మెట్లెక్కడంతో పాటు పెద్దవాళ్ల డిస్కో డాన్సు కూడా ఉంది. చిగోంగ్ గురువులు చెప్పే ప్రాణశక్తి ఊసు లేకుండానే ఫలితం వచ్చింది. సంప్రదాయ కసరత్తుల దగ్గరికొస్తే లెక్క ఇంత తేటగా లేదు. చైనాలో జరిగిన చిన్న చిన్న పరీక్షలను కలిపి చూసిన సమీక్షలు, కొన్ని నెలల సగటు చక్కెరను చూపే హెచ్‌బీఏ1సీ కొంత తగ్గిందంటున్నాయి. సిడ్నీలో 38 మంది వృద్ధ రోగులతో 16 వారాలు చేసిన పరీక్షలో మాత్రం, నెమ్మది కదలికల చైనా కసరత్తు తాయ్‌చీకి పోటీగా ఉత్తుత్తి కసరత్తు పెడితే, రక్తంలో చక్కెర విషయంలో రెండు జట్లకూ తేడా కనిపించలేదు. తాను చేసేది అసలుదో నకిలీదో రోగికి తెలియని పరీక్ష అది కాబట్టి దాన్ని తేలిగ్గా కొట్టెయ్యలేం. మరీ నెమ్మది కదలికలు చాల్లేదేమో అన్న సందేహమూ న్యాయమైనదే.

అలాంటప్పుడు నడిస్తే సరిపోదా? మోకాళ్లు సహకరించేవాళ్లకు సరిపోతుంది. అరిగిన మోకాళ్లు, తూలే నడక ఉన్న డెబ్బై ఏళ్ల మనిషికి, చాప వేసుకునేంత జాగాలో నిలబడి రోజూ చేయగలిగే కసరత్తు దొరకడం చిన్న సంగతి కాదు. వృద్ధులు పడిపోకుండా తాయ్‌చీ కొంత కాపాడుతుందనడానికి, చక్కెర విషయంలో కన్నా బలమైన ఆధారాలున్నాయి. నిజానికి లియు గుయ్‌జెన్ శానటోరియంలోనూ ఊపిరి సాధన ఒంటరిగా లేదు: విశ్రాంతి, వేళకు తిండి, పక్కన సాటి రోగులు, అడిగి చేయించేవాళ్లు ఉండేవారు. అక్కడ బాగుపడ్డవాళ్లకు ఏది మేలు చేసిందో ఎవరూ విడదీసి చూడలేదు. ప్రమాదం పార్కులో చేసే కసరత్తులో లేదు. దాన్ని నమ్మి ఇన్సులిన్ మానేయడంలో ఉంది. ‘మందులతోపాటు’ అన్న మాటను 1980ల గురువులు మింగేశారు. ఇప్పటి కరపత్రాలు మళ్లీ ముద్రిస్తున్నాయి గానీ, ఆకాశాన్ని మోసే బొమ్మ కింద, చిన్న అక్షరాల్లో.