ఫోటోలో ఎర్రనల్లి: ఎంతవరకు పేరు పెట్టవచ్చు?

పత్తికాయ పగిలే రోజుల్లో ఒకే రకం ఫోటో మళ్ళీ మళ్ళీ కంటపడుతుంది. విచ్చుకున్న దూది, దాని మీద ఎర్రటి పురుగు, వీపున మూడు నల్లమచ్చలు, రెక్కల కొసన నలుపు. ఇదేం పురుగని అడిగితే రైతు ‘ఎర్రనల్లి’ అంటాడు. ఆ మాట తప్పు కాదు గానీ చాలదు. వంగ ఆకు అడుగున కంటికి ఆనీ ఆనకుండా తిరిగే జీవినీ మనం ఎర్రనల్లే అంటాం. దానికి ఎనిమిది కాళ్ళు. అది సాలెపురుగుకు చుట్టం, అసలు కీటకమే కాదు. మంచంలో నల్లి, వరిలో కంపునల్లి, బెండ మీద పిండినల్లి... తెలుగులో ఈ ఒక్క మాట ఎన్నో దూరపు జీవులను ఒకే కప్పు కిందికి తెచ్చింది. అందుకే ఫోటో చూసి పేరు చెప్పేవాడి మొదటి పని కాళ్ళు లెక్కపెట్టడం.

ఆరు కాళ్ళున్నాయి. ఇక ముక్కు చూడాలి. నమిలే దవడలు కాకుండా, రసం పీల్చే సూదిలాంటి ముక్కు తల కింద మడిచి ఉంటే అది హెమిప్టెరా క్రమానికి చెందినది. ముందు రెక్క మొదలు సగం తోలులా గట్టిగా, చివరి సగం పల్చని పొరలా ఉంటే అందులోని హెటెరోప్టెరా, అంటే అసలైన నల్లుల గుంపు. మంచంనల్లి రెక్కలు పోగొట్టుకున్నా ఈ గుంపులోదే. ప్రపంచంలో ఇప్పటికి పేరు పెట్టిన హెటెరోప్టెరా జాతులు 40,000 పైమాటే. మసక ఫోటోలో కూడా ఇంతవరకు ధైర్యంగా చెప్పవచ్చు. ఈ గీత దాటి ముందుకు పోయేటప్పుడే జాగ్రత్త కావాలి.

పత్తి మీది ఎర్రనల్లి సంగతే తీసుకుందాం. తల వెనక తెల్లటి పట్టీ, పొట్ట అడుగున ఎరుపు తెలుపు చారలు, ఒక్కో గట్టిరెక్క మీద ఒక్కో నల్లచుక్క, రెండింటి మధ్య నల్లటి త్రికోణం. నుదుటి మీద చిరుకళ్ళు ఉండవు. ఇవన్నీ కనిపిస్తే డిస్డెర్కస్ ప్రజాతి అనడానికి సందేహించనక్కరలేదు. చిరుకళ్ళ మాట తేలిగ్గా తీసుకోకూడదు. జిల్లేడు మీద గుంపులుగా ఉండే ఎరుపు నలుపుల స్పైలోస్థెటస్‌ను చాలామంది దీనితో కలిపేస్తారు. దానికి చిరుకళ్ళు ఉంటాయి, ఎందుకంటే దాని కుటుంబమే వేరు. ఫైసోపెల్టాకు చిరుకళ్ళు లేవు, రెక్కల మీద నల్లచుక్కలూ ఉన్నాయి, అయినా అది మరో కుటుంబం. అంటే ఒక్క గుర్తు పట్టుకుని తీర్పు చెబితే పొరబడతాం. రెండు మూడు గుర్తులు ఒకే వైపు చూపితేనే మాట నిలుస్తుంది.

ప్రజాతి తేలింది. జాతి ఏది? మన దేశంలో ఈ ప్రశ్నకు పాత చిక్కు ఒకటి ఉంది. డిస్డెర్కస్ కోనిగీ, డిస్డెర్కస్ సింగులేటస్ అనే రెండు జాతులకూ కీటక శాస్త్రవేత్త ఫాబ్రిసియస్ 1775లోనే పేరు పెట్టాడు. మొదటి పేరులో ఉన్నది తరంగంబాడిలో పనిచేసిన వైద్యుడు, ప్రకృతి పరిశోధకుడు యోహాన్ కోనిగ్. మన కరివేపాకు శాస్త్రీయ నామంలోనూ ఆయన పేరే ఉంది. ఆయన 1785లో కన్నుమూసింది మన కాకినాడ జగన్నాథపురంలో. ఈ రెండు పురుగులూ పైనుంచి చూస్తే దాదాపు ఒకటే. తేడా కోసం మొదట చూడవలసింది కాలి తొడభాగం. కోనిగీకి అది ఎర్రగా ఉంటుంది, సింగులేటస్‌కు ఎంతో కొంత నలుపు ఉంటుంది. ఆ ‘ఎంతో కొంత’ అన్న చోటే ఫోటో తడబడుతుంది. సాయంత్రపు వెలుగులో పైనుంచి తీసిన చిత్రంలో తొడ సగం శరీరం కిందికి పోతుంది, మిగతా సగం నీడలో నల్లబడుతుంది. నీడను రంగు అనుకుంటే సింగులేటస్ అవుతుంది, రంగును నీడ అనుకుంటే కోనిగీ అవుతుంది. తొడ స్పష్టంగా కనిపించని ఫోటోకు నేను ‘డిస్డెర్కస్, జాతి తేలలేదు’ అనే రాస్తాను. అలా రాయడం చేతకానితనం కాదు. ఆ చిత్రంలో ఉన్న సాక్ష్యం అంతే.

ఊరి పేరు చూసి జాతి నిర్ణయించవచ్చు కదా అని కొందరు అడుగుతారు. కోనిగీ మన ద్వీపకల్పంలో మామూలుగా కనిపించేదీ, సింగులేటస్ ప్రధానంగా ఈశాన్యం నుంచి ఆగ్నేయాసియా వరకు ఉండేదీ అయితే, గుంటూరు ఫోటోకు కోనిగీ అని రాస్తే పోలేదా? ఊహగా ఇది బాగానే ఉంది. నిర్ధారణగా మాత్రం బలహీనం. భారతీయ పత్తి సాహిత్యంలో దశాబ్దాల పాటు ఈ రెండు పేర్లూ కలగలిసిపోయాయి. కోనిగీ అనవలసిన చోట సింగులేటస్ అని రాసిన రచనలు కొల్లలు. ఆ రచనల ఆధారంగా గీసిన పటాన్ని చూసి కొత్త ఫోటోకు పేరు పెట్టి, ఆ ఫోటోను మళ్ళీ పటం మీద చుక్కగా చేరిస్తే, పాత పొరపాటుకు మనమే కొత్త సాక్షి తయారుచేసినట్టు. ఊరిని బట్టి పేరు పెడితే, ఆ మాట పక్కనే రాసి ఉంచాలి. అప్పుడే తర్వాతివాడు దాన్ని సాక్ష్యంగా లెక్కించకుండా జాగ్రత్తపడతాడు.

స్థలానికి విలువ లేదని నా ఉద్దేశం కాదు. పోలికలున్న జాతులు ఆ చోట ఎన్ని ఉన్నాయన్నది తెలిసినప్పుడు స్థలం గట్టి ఆధారమే. తూర్పు ఆసియా నుంచి వచ్చిన గోధుమరంగు కంపుపురుగు హాల్యోమోర్ఫా హాలిస్ అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రపు అలెన్‌టౌన్‌లో 1998లో దొరికింది. అక్కడి స్థానిక పురుగే అనుకోవడంతో 2001 వరకు దాని అసలు పేరు బయటపడలేదు. దాని మీసాల మీది తెల్లటి పట్టీలు మంచి ఫోటోలో తేలిగ్గా కనిపిస్తాయి. ఈ రోజు న్యూజెర్సీలో ఒక తెలుగు ఇంటి కిటికీ మీద ఆకురాలు కాలంలో తీసిన అలాంటి ఫోటోకు జాతి పేరు నమ్మకంగా చెప్పవచ్చు, ఎందుకంటే అక్కడ ఆ ప్రజాతిలో పోటీకి మరొకటి లేదు. అదే మీసాల పట్టీలు మన దేశంలో కనిపిస్తే ఆ నమ్మకం ఉండదు. ఇక్కడ హాల్యోమోర్ఫా పైకస్ వంటి దగ్గరి చుట్టాలున్నాయి.

జాతి పేరు తేలకపోతే రైతుకు పోయేదేముంది? కోనిగీ అయినా సింగులేటస్ అయినా గింజ రసం పీలుస్తుంది, గాయంలోకి బూజును చేరవేసి దూదికి మరక పట్టిస్తుంది. అక్కడ ఆ తేడా పరిశోధకుడికే ముఖ్యం. కానీ అదే గుంపులో, అదే ఎరుపుతో ఇంకొకటి తిరుగుతూ ఉంటుంది: ఆంటిలోకస్ కోక్‌బెర్టీ. ఇది డిస్డెర్కస్‌నే పొడిచి తినే పురుగు, కుటుంబం కూడా అదే. గంగరావి, బూరుగు చెట్ల కింద రాలిన గింజల మీద ఎర్రనల్లులు మూగినచోట ఓపికగా వెతికితే ఇది కనిపించవచ్చు. ఒళ్ళు కాస్త బరువు, కాళ్ళు నలుపు, రెక్కల మీద ఆ రెండు చుక్కలు లేవు, మెడ వెనక తెల్లపట్టీ లేదు. దూరం నుంచి తీసిన ఫోటోలో ఇవేవీ తెలియవు. రెండూ ఎర్రమచ్చలే. అక్కడ పేరు తప్పితే మందు పడేది మన పక్షాన ఉన్న పురుగు మీద.

తింటున్న ఫోటో ఉంటే తేలిపోతుందనుకోవద్దు. డిస్డెర్కస్ కూడా అప్పుడప్పుడు కుబుసం విడుస్తున్న తోటి పురుగునే పొడుస్తుంది. ముక్కు కింద మరో నల్లి ఉన్నంత మాత్రాన అది ఆంటిలోకస్ కాదు; గుర్తులు చూడవలసిందే. కవచపు పురుగుల్లో మాత్రం ముక్కే మంచి సాక్షి. లద్దెపురుగును పొడిచి గాలిలో వేలాడదీసే ఇయోకాంథెకోనా ఫర్సెల్లాటా ముక్కు మందంగా, ముందుకు చాచేలా ఉంటుంది. ఆకురసం తాగే దాని చుట్టాలకు ముక్కు సన్నగా, పొట్టకు అంటుకుని ఉంటుంది. పక్కనుంచి తీసిన ఒక్క ఫోటో ఈ సంగతి చెప్పేస్తుంది. పైనుంచి తీసిన పది ఫోటోలు చెప్పలేవు.

వరిలో కంపునల్లి విషయంలో సాక్ష్యం ఇంకా కిందికి దిగుతుంది. గింజ పాలు పోసుకునే దశలో కంకి మీద వాలే ఈ సన్నని పురుగుల్లో లెప్టోకొరిసా అక్యూటా, లెప్టోకొరిసా ఒరటోరియా రెండూ ఉన్నాయి. 1965లో అహ్మద్ అనే పరిశోధకుడు ఈ పురుగుల ఉపకుటుంబాన్ని ప్రపంచస్థాయిలో సమీక్షించేదాకా పేర్లు గందరగోళంగానే నడిచాయి. ఒరటోరియాకు పొట్ట పక్కల అడుగువైపు గోధుమరంగు చుక్కలుంటాయి, అక్యూటాకు ఉండవు. కంకి మీద కూర్చున్న కంపునల్లిని మనం ఎప్పుడూ పైనుంచే తీస్తాం. పొట్ట కనిపించని ఆ వందల ఫోటోలు జాతి ప్రశ్నకు మౌనంగా ఉంటాయి. గట్టి నిర్ధారణకు మగపురుగు జననాంగాల ఆకారం చూడాలి. అది సూక్ష్మదర్శిని కింద జరిగే పని, కెమెరా అందుకోలేదు.

రంగు గురించి ఒక హెచ్చరిక. కుబుసం విడిచిన కొద్దిసేపు నల్లి పాలిపోయి, మచ్చలు తేలకుండా ఉంటుంది. దాన్ని కొత్తజాతి అనుకున్నవారున్నారు. జతకట్టిన డిస్డెర్కస్‌లో చిన్నదాన్ని వేరే జాతి అనుకునేవారూ ఉన్నారు, అది మగది. రెక్కలు రాని పిల్లపురుగు రంగులో తల్లిని పోలి ఉండకపోవచ్చు. దక్షిణపు పచ్చ కంపుపురుగు నెజారా విరిడ్యులా పిల్లలు దశ దశకూ వేషం మారుస్తాయి. పుస్తకాల్లోని రంగుతో పోల్చేటప్పుడు ఇంకో మెలిక ఉంది. మన దేశపు నల్లులకు ఇప్పటికీ తెరవవలసిన గ్రంథం కీటక శాస్త్రవేత్త డిస్టంట్ 1902–1918 మధ్య వెలువరించిన ఏడు సంపుటాలు. ఆయన వర్ణించింది సూదికి గుచ్చి ఎండిన నమూనాలను. ఎండితే ఎరుపు ఇటుకరంగుకు దిగుతుంది, పచ్చ పసుపవుతుంది. బతికిన పురుగు ఫోటోకూ ఆ వర్ణనకూ రంగు కలవకపోతే ఆశ్చర్యపోనక్కరలేదు. కలిసినా సంబరపడకూడదు.

ఇప్పుడు ఫోన్‌లోని అనువర్తనాలే పేరు సూచిస్తున్నాయి. కేంద్ర వ్యవసాయ శాఖ 2024 ఆగస్టులో ఆరంభించిన జాతీయ తెగుళ్ళ నిఘా వ్యవస్థ కూడా ఫోటో ఆధారంగా పనిచేసేదే. వీటిని నేను స్వాగతిస్తాను. తపాలాలో ఎండిన పురుగును పంపి నెలలు ఎదురుచూసిన రోజులతో పోలిస్తే ఇది గొప్ప మేలు. అయితే ఐనాచురలిస్ట్ వంటి వేదికలో ఒక నమోదుకు పరిశోధనస్థాయి ముద్ర పడటానికి గుర్తించినవారిలో మూడింట రెండు వంతుల కంటే ఎక్కువమంది ఒక్కమాట మీదుంటే చాలు. అంటే ఇద్దరు చాలు. యంత్రం చెప్పిన పేరును మొదటివాడు ఒప్పుకుని, మొదటివాడిని చూసి రెండోవాడు ఒప్పుకుంటే, తొడభాగం చూసినవారు ఎవరూ ఉండరు. ఏకాభిప్రాయాన్ని సాక్ష్యంగా లెక్కించే ముందు, ఏ గుర్తు చూసి ఆ పేరు పెట్టారో రాసి ఉందా అని వెతకాలి.

కాబట్టి పొలంలోకి వెళ్ళేవారికి నా విన్నపం. ఒక్క ఫోటోతో ఆపకండి. పైనుంచి ఒకటి, ముక్కు కనిపించేలా పక్కనుంచి ఒకటి, కాళ్ళు విప్పుకున్నప్పుడు ఒకటి తీయండి. వీలైతే గాజుసీసాలోకి తీసుకుని అడుగునుంచి పొట్టను తీసి వదిలేయండి. ఏ మొక్క మీద దొరికింది, ఏ రోజు, ఏ ఊరు అన్నది అప్పుడే రాసుకోండి. ఎర్రనల్లి అయితే తొడ రంగు చూడండి. మందు కొట్టే ముందు మాత్రం మెడ వెనక తెల్లపట్టీ ఉందో లేదో తప్పకుండా చూడండి.