సముద్రం దాటిన సొమ్ము: సింగరేణి తొలి పాఠం

గోదావరిఖని గనుల నడుమ బ్రతికే పాఠకులు సింగరేణి చరిత్రలోని ఒక తొలి ఘట్టాన్ని తప్పక ఎరిగి ఉండాలి. 1886లో లండనులో హైదరాబాదు (దక్కను) కంపెనీ ఏర్పడింది. నిజాం ఖజానా సొమ్ముతో దాని వాటాలు కొన్నారు. కొనుగోలు జరిపించిన ఉన్నతాధికారి అబ్దుల్ హఖ్. అమ్మిన వాటాలు రహస్యంగా ఆయనవే! 1888లో గుట్టు రట్టయింది. ఆయన పదవి పోయింది. బ్రిటిషు పార్లమెంటు విచారణ సంఘాన్ని వేసింది. లెక్క అడిగింది లండను. శిస్తు కట్టిన తెలంగాణ రైతుకు అడిగే దారే లేదు.

ఖజానా పాలకుని సొత్తు కాదు, అమానత్. పరదేశానికిచ్చే సహాయమైనా, వాటాల కొనుగోలైనా, సముద్రం దాటిన ప్రతి రూపాయికీ ప్రజల ముందు హిసాబు ఉండాలి. 1920లో ఏర్పడి ఆ కంపెనీ ఆస్తులను, అప్పులను స్వీకరించిన సింగరేణి కాలరీస్‌లో నేడు రాష్ట్రానికి 51, కేంద్రానికి 49 శాతం వాటా. లెక్క అడగవలసినవారం ఇప్పుడు మనమే.