చలికాలంలో తులసిగద్దె

2016 అక్టోబరులో వరంగల్ నుంచి విడివడి జనగామ జిల్లాలో చేరిన రఘునాథపల్లి పరిసరాల్లో, ఇంటి మొక్కను చలికాలం దాటించే విద్య కుండీల మొక్కలు వాడుకలోకి రావడానికి ఎంతో ముందే, తులసిగద్దె చుట్టూ పెరిగింది. తులసికోట అని కూడా పిలిచే ఈ గద్దె, వాకిట్లోగాని ఇంటి నడుమ ముంగిట్లోగాని మొక్కను నేలకన్న ఎత్తున నిలిపే చిన్న కట్టడం. శ్రీకృష్ణదేవరాయలు 16వ శతాబ్దంలో రచించిన ఆముక్తమాల్యదకు నాయిక అయిన గోదాదేవి విష్ణుచిత్తునికి తులసివనంలోనే దొరికిందని వైష్ణవ సంప్రదాయం చెబుతుంది. ఆమె రచించిన తిరుప్పావైని భక్తులు పాడుకునే ధనుర్మాసం, అంటే డిసెంబరు నడిమి నుంచి సంక్రాంతి వరకు సాగే కాలమే, తులసికి అన్నిటికన్న గడ్డుకాలం.

ఉష్ణమండలపు మొక్క కావడం వల్ల, పగలు పదకొండు గంటలకు కుదించుకుపోయి రాత్రి చలి ముదిరేసరికి తులసి ఎదుగుదల మందగించి, ఆకు చిన్నదై, పాలిపోయి రాలుతుంది. వెన్నులు, అంటే పూజలో మంజరులని పిలిచే పూలకంకులు, గింజపట్టి ముదిరితే మిగిలిన సత్తువ కూడా వాటికే పోతుంది. ఎదుగుదల తగ్గిన మొక్క వేరు తక్కువ నీరే పీల్చుకుంటుంది గనుక, రోజూ భక్తితో పోసే చెంబెడు నీళ్లు మట్టిలో నిలిచి, వేరుకు గాలి అందకుండా చేసి, చివరకు దాన్ని కుళ్లబెడతాయి. చలికి చచ్చిందనుకునే తులసిలో చాలా భాగం నిజానికి నీటి వల్లనే చస్తుంది.

పాత గద్దెల కట్టుబడి ఈ ప్రమాదాన్ని చాలావరకు తప్పించింది. మట్టితో, రాతితో కట్టి లోపల బోలుగా వదిలిన గద్దెలో అడుగు నేలతో కలిసే ఉండడం వల్ల, ఎక్కువైన నీరు కిందికి ఇంకిపోయేది, వేరు నేలలోకి దిగేది. ఈ ప్రాంతంలో విరివిగా దొరికే ఎర్ర చెల్క మట్టి, అంటే ఇసుకపాలు ఎక్కువగా ఉన్న తేలిక నేల, మాగిన పశువుల ఎరువుతో కలిసినా నీటిని నిలవనివ్వదు. ఆచారాలు కూడా మొక్కకు మేలే చేశాయి. పూజకు మంజరులు తుంచడం వల్ల కొమ్మ కొత్త చిగురుకు సిద్ధమయ్యేది. ద్వాదశినాడూ సాయంత్రం వేళా ఆకు కోయరాదన్న నియమం మొక్కకు కొంత విశ్రాంతినిచ్చేది. పిండినల్లి పట్టిన కొమ్మల మీద చల్లే పొయ్యి బూడిదను కూడా ఈ వరుసలోనే చెప్పుకోవాలి.

1829లో లండన్ వైద్యుడు నథానియల్ వార్డ్ మూసిన సీసాలో ఫెర్న్ మొలకెత్తడం గమనించి, గాజుపెట్టెల్లో మొక్కలను కాపాడే పద్ధతికి దారి తీశాడు. గాజు అక్కర్లేని ఈ నేలలో ఆ రక్షణను వాకిలి ఎండే ఇచ్చింది. అడుగున రంధ్రం లేని సిమెంటు కోట ఇంటికి వచ్చాక మాత్రం కట్టడం చేసే మేలు పోయి, నీళ్లు పోసే ఆచారం ఒక్కటే మిగిలింది. నష్టం అక్కడే జరిగింది.

కనుక పుష్యమాసంలో తులసి మోడుబారితే వెంటనే పెరికివేయకుండా, కాండాన్ని గోటితో గీరి లోపల పచ్చదనం ఉన్నదేమో చూడాలి. ఉంటే ఎండిన కొమ్మలు కత్తిరించి, పైమట్టి ఆరిన తరువాతే నీరు పోస్తూ, కోట అడుగున రంధ్రం తొలిపించి, శివరాత్రి దాకా ఆగవలసిందిగా గృహస్థులకు మనవి.