బొంబాయి మిల్లుపేటలో సంతానచికిత్స, దాని వెల

సంతానము లేని దంపతులు సంతానముకొరకు వెల చెల్లించుట మన సమాజమునకు క్రొత్త కాదు. రావిచెట్టు క్రింద నాగప్రతిష్ఠ, రామేశ్వరయాత్ర, నోములు, మ్రొక్కుబడులు అన్నియు సొమ్ముతో ముడిపడినవే. అయినను ఇల్లాలు చెల్లించిన వెల వీటికంటె హెచ్చు. లోపమెవరిదో విచారింపకయే గొడ్రాలను పేరు ఆమెకు పెట్టి, సవతిని తెచ్చుట ఒకనాడు లోకాచారముగా సాగినది. రాజకుటుంబములకు ఆ వెల ఒక్కొక్కప్పుడు రాజ్యమే అయ్యెను. తెలుగు యక్షగానములను పోషించిన తంజావూరు మరాఠా సంస్థానము, 1855లో రెండవ శివాజీ పురుషసంతతి లేక మరణించిన పిమ్మట, కుంపిణీ వశమైనది.

1955 నాటి హిందూవివాహ చట్టము రెండవ భార్యను నిషేధించినది. మరుసటియేటి దత్తతచట్టము ఆడుశిశువును కూడ దత్తు గొనుటకు త్రోవ చూపినది. అటుపిమ్మట ముప్పది సంవత్సరములకు వైద్యశాస్త్రము వేరొక త్రోవను తెరచినది. మన దేశములో ఆ త్రోవకు తొలి మైలురాళ్లలో ఒకటి బొంబాయిలోని పరేలు పేట. తెలుగు శ్రమజీవులు తరతరములుగా కాపురమున్న మిల్లుల నడుమ అది వెలసినది.

బొంబాయికి తెలుగువారి వలస ప్రాతది. నైజాము సీమనుండి వచ్చి నగరనిర్మాణములో రాళ్లెత్తిన కామాఠీల పేరనే కామాఠీపుర మేర్పడినది. కరీంనగరము, నల్లగొండ, వరంగల్లు ప్రాంతముల పద్మశాలీలు నూలుమిల్లులలో చేరి పరేలు, వర్లీ చాళ్లలో నివాసమేర్పరచుకొనిరి. వారి బంధువర్గములే షోలాపూరు, భివండీలలో మగ్గములు పట్టినవి. మగవారు మిల్లుకు, ఆడువారు బీడీలు చుట్టుటకు, ఒకే గదిలో రెండు మూడు కుటుంబములు: ఇది ఆనాటి సంసారచిత్రము.

ఆ పేటలోనే 1926లో నగరపాలకసంస్థ నెలకొల్పిన కె.ఇ.ఎం. ఆసుపత్రి కలదు. దాని చెంతనే భారత వైద్యపరిశోధన మండలికి చెందిన ప్రత్యుత్పత్తి పరిశోధనాలయము కలదు. ఆసుపత్రి వైద్యురాలు ఇందిరా హిందూజా, పరిశోధనాలయపు శాస్త్రజ్ఞుడు టి.సి. ఆనందకుమార్ కలిసి చేసిన కృషి ఫలితముగా 1986 ఆగష్టు 6వ తేదీన పరీక్షనాళిక శిశువు జన్మించినది. శాస్త్రీయముగా నమోదైన వానిలో మన దేశమున ఇదే మొదటిదని అప్పుడు ప్రకటింపబడినది.

ఇచ్చట ఒక విషయము విస్మరింపరాదు. అంతకు ఎనిమిదేండ్లకు పూర్వమే, 1978 అక్టోబరు 3న, కలకత్తాలో డాక్టరు సుభాష్ ముఖోపాధ్యాయ ఆ పని సాధించియుండెను. ప్రభుత్వము నియమించిన సంఘము ఆయన మాటను త్రోసిపుచ్చినది. ఆయనను కంటివైద్యసంస్థకు బదిలీచేసిరి. 1981 జూను 19న ఆయన ఆత్మహత్య చేసికొనెను. పిమ్మట ఆ వైద్యుని వ్రాతలను పరిశీలించిన ఆనందకుమారే, ప్రథమస్థానము ఆయనదేనని 1997లో ప్రకటించి, తనకు దక్కిన కీర్తిని తానే వదలుకొనెను. శాస్త్రలోకములో ఇట్టి ఔదార్యము అరుదు.

పరేలులో ఆ శిశువు పుట్టిననాటికి మిల్లుపేట పరిస్థితి యెట్టిది? 1982 జనవరి 18న ఆరంభమైన నూలుమిల్లుల సమ్మెలో సుమారు రెండున్నర లక్షలమంది పాల్గొనిరి. ఆ సమ్మెకు లాంఛనముగా ముగింపు లేదు. పెక్కుమందికి పనియే మిగులలేదు. ప్రజాధనముతో, ప్రజల ఆసుపత్రిలో పుట్టిన విద్య ఫలించునాటికి, ఆ ఆసుపత్రి చుట్టునున్న జనుల చేతిలో కూలి లేదు. ఆ విద్య తరువాతి దశలో ప్రధానముగా ప్రైవేటు వైద్యశాలలలోనే పెరిగినది. 1990లో మద్రాసులో కమలా సెల్వరాజ్ వైద్యశాలలో దక్షిణదేశపు తొలి పరీక్షనాళిక శిశువు పుట్టినది. హైదరాబాదు, బెంగుళూరులలోను అట్టి వైద్యశాలలు వెలసినవి. పుట్టుక ప్రజలది, పెంపకము అంగడిది. నేటి వెలకు ముఖ్యకారణము ఇదియే.

వెలయనగా ఒక్క రుసుము కాదు. మొదట దంపతులిరువురి పరీక్షలు. పిమ్మట పదిదినములకు తగ్గకుండ ఇంజక్షనులు. ఈ మందు పూర్వము ముట్లుడిగిన స్త్రీల మూత్రమునుండి తీయబడెడిది; జన్యుశాస్త్రపద్ధతిలో తయారైనది 1995 ప్రాంతమున విపణిలోనికి వచ్చినది. వ్యయములో పెద్దపాలు ఇదియే. తరువాత మత్తునిచ్చి అండములను సేకరించుట, ప్రయోగశాలలో పిండమును పెంచుట, గర్భాశయములో నుంచుట, మిగిలినవానిని అతిశీతలములో భద్రపరచుట. ఇంతయు జరిగినను వయసు చిన్నదైన స్త్రీకే ఒక్క ప్రయత్నమున ఫలము మూడింట ఒకవంతు ప్రాంతము. వయసు పైబడిన కొలది అది క్షీణించును. కావున ఒక ప్రయత్నపు ధర విని లెక్కవేసికొనుట పొరపాటు. దంపతులు రెండు మూడు ప్రయత్నముల ధర లెక్కింపవలెను.

చాళ్లలో, బీడీ కార్మికుల ఇండ్లలో విశేషముగా గమనింపదగిన వ్యాధి క్షయ. అది ఊపిరితిత్తులకే పరిమితము కాదు. స్త్రీల అండవాహికలను పట్టి మూసివేయును, తెలియకుండనే మూసివేయును. మన దేశములో స్త్రీల సంతానహీనతకు ప్రధానకారణములలో ఇది ఒకటి. మూసుకొనిన వాహికను దాటించుటకే ఈ చికిత్స మొదట కల్పింపబడినది. ఇరుకు గదులు, దుమ్ము, అరకొర తిండి ఎవరికి ఈ రోగమును తెచ్చిపెట్టినవో వారికే ఈ చికిత్స అందని పండైనది. ప్రభుత్వము ఉచితముగా నిచ్చు క్షయమందు సకాలమున అందిన, ఎందరికో లక్షల ఖర్చు తప్పియుండెడిది. ఇక పురుషుని మాట: సుమారు సగము సందర్భములలో కారణము అతనివైపునను ఉండును. అతనికి చేయు తొలిపరీక్ష అన్నిటికంటె చవుక. అయినను పెక్కు ఇండ్లలో ఇల్లాలి పరీక్షలన్నియు ముగిసిన పిమ్మటగాని ఆ మాట రాదు.

పరేలులోని ఆ పరిశోధనాలయమే నేడు జాతీయ ప్రత్యుత్పత్తి, శిశు ఆరోగ్య పరిశోధన సంస్థ. 2025లో వెలుగుచూచిన దాని అధ్యయనము ప్రకారము ఒక ప్రయత్నమునకు దంపతుల చేతిఖర్చు ప్రభుత్వ వైద్యశాలలలో సుమారు 1 లక్షా 10 వేల రూపాయలు. ప్రైవేటులో 2 లక్షల 30 వేల పైచిలుకు. విచారింపబడిన దంపతులలో పదింట తొమ్మిది జంటలకు ఈ వ్యయము సంసారము మోయలేని భారమైనది. బీమా ఆదుకొనునా యనిన, 2019లో నియంత్రణసంస్థ రూపొందించిన ప్రామాణిక మినహాయింపులలో సంతానహీనత చికిత్సయు చేరియున్నది.

దంపతుల సంచిలోనుండి కాక పరుల శరీరమునుండి చెల్లినదియు కలదు. అండదానము, అద్దెగర్భము పేదస్త్రీలకు జీవనోపాధిగా మారిన కాలము ఒకటి గడచినది. 2021లో చేసిన రెండు చట్టములు దీనిని కట్టడి చేసినవి. అండదాత 23 నుండి 35 ఏండ్ల లోపుదై, జన్మలో ఒక్కమారే ఈయవలెను. ఏడింటికి మించి అండములు తీయరాదు. ధనమునకు గర్భము నద్దెకిచ్చుట నిషిద్ధము.

ఇటీవల ప్రభుత్వములు కొంత కదలినవి. 2023లో గోవా వైద్యకళాశాలలోను, ఆ యేడే హైదరాబాదు గాంధీ ఆసుపత్రిలోను ఉచితచికిత్సకు కేంద్రములు తెరువబడినవి. రుసుము లేకున్నను దినములు ఉన్నవి. షోలాపూరునుండి హైదరాబాదు సుమారు మూడువందల కిలోమీటర్లు, ముంబయి నాలుగువందలు. ఇంజక్షనుల దినములలో స్కానింగులకు మరల మరల రావలెను. బస, రాకపోకలు, తోడు వచ్చువారి కూలి కూడ నష్టమే. షోలాపూరులో బీడీ చుట్టు ఇల్లాలికి కూలి వేయి బీడీలకింత అని లెక్క. చుట్టని దినమునకు లెక్క లేదు. మరమగ్గము నడుపు భర్తకును ఆగిన మగ్గమునకు జీతము లేదు. ఆ పది పదిహేను దినముల కూలి ఏ ఆసుపత్రి బిల్లులోను కనబడదు.