చలి ఉదయం, సీసపు పలకలు

మణికట్టు దగ్గర, బొటనవేలి వైపు ఉండే ముంజేతి ఎముక కొన విరిగితే ఎముకల వైద్యులు దాన్ని ఇప్పటికీ ‘షోఫర్స్ ఫ్రాక్చర్’ అంటారు. షోఫర్ అంటే కారు డ్రైవరు. ఇరవయ్యో శతాబ్దపు తొలి సంవత్సరాల్లో ఇంజను ముందు ఇనుప హ్యాండిల్ దూర్చి చేత్తో తిప్పితేగాని కారు మొదలయ్యేది కాదు. మంట పుట్టే సమయం కాస్త ముందుకు జరిగితే ఇంజను ఎదురు తిరిగి, హ్యాండిల్‌తో పాటు చేతినీ వెనక్కి విసిరేది. చలికాలంలో నూనె చిక్కబడి, పెట్రోలు సరిగా ఆవిరి కాక, అదే హ్యాండిల్‌ను పదే పదే తిప్పవలసి వచ్చేది.

చేతికి బదులు విద్యుత్ మోటారు వాడవచ్చన్న ఊహ కొత్తది కాదు. అయితే ఇంజనును నిరంతరాయంగా తిప్పగల మోటారు కారులో పట్టనంత పెద్దదవుతుందని లెక్కలు చెప్పేవి. ఈ చిక్కు విప్పిన చార్లెస్ కెటరింగ్ అంతకుముందు ఒహాయోలోని డేటన్‌లో, నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీలో విద్యుత్తుతో పనిచేసే క్యాష్ రిజిస్టరును రూపొందించాడు. కొద్ది క్షణాలు మాత్రమే పనిచేసే చిన్న మోటారు తన స్థాయికి మించిన భారాన్ని మోయగలదని అక్కడ గ్రహించాడు. 1909లో ఎడ్వర్డ్ డీడ్స్‌తో కలిసి డెల్కో సంస్థను స్థాపించాడు. వారి స్టార్టరు 1912 కాడిలాక్ కార్లలో వచ్చింది. ఫోర్డ్ మోడల్ టీ కొనేవారికి అటువంటి సౌకర్యం 1919లో గాని అందలేదు.

ఆ తొలి ఏర్పాటులో మోటారు, జనరేటరు ఒకే యంత్రం. ఇంజనును తిప్పేటప్పుడు బ్యాటరీ నుంచి 24 వోల్టులు తీసుకునేది; ఇంజను అందుకున్నాక అదే యంత్రం 6 వోల్టులతో బ్యాటరీని తిరిగి నింపేది. క్షణాల్లో పెద్ద అప్పు, ఆ తర్వాత నెమ్మదిగా తీర్పు: నేటి కార్లూ ఈ ఒప్పందం మీదే నడుస్తున్నాయి.

ఆ అప్పు ఇచ్చే సీసపు బ్యాటరీ అంతకంటే పాతది. 1859లో గాస్టన్ ప్లాంటే దాన్ని తయారుచేయగా, 1881లో కమీల్ ఫోర్ పలకలకు సీసపు ముద్ద పూసి దాని సామర్థ్యం పెంచాడు. స్టార్టరు కోసం ఒక్కసారిగా వందల ఆంపియర్లు ఇవ్వాలంటే పలకలు పల్చగా, ఎక్కువ సంఖ్యలో ఉండాలి. ఇలాంటి పల్చని పలకలు పూర్తిగా ఖాళీ కావడాన్ని ఓర్చుకోలేవు. ఖాళీగా ఉంచేస్తే వాటిపై లెడ్ సల్ఫేట్ గట్టి స్ఫటికాలుగా పేరుకుంటుంది; ఆ తర్వాత ఎంత ఛార్జి చేసినా పోయిన సామర్థ్యం పూర్తిగా తిరిగిరాదు.

చలి ఈ ఒప్పందాన్ని రెండు వైపులా దెబ్బతీస్తుంది. మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ దగ్గర బ్యాటరీ ఇవ్వగలిగేది సుమారు సగానికి పడిపోతుంది. ఇంజను అడిగేది మాత్రం పెరుగుతుంది. అందుకే బ్యాటరీ మీద ముద్రించే ‘కోల్డ్ క్రాంకింగ్’ ఆంపియర్లను ఆ ఉష్ణోగ్రత దగ్గరే, 30 సెకన్ల పాటు 7.2 వోల్టులకు తగ్గకుండా ఇవ్వాలన్న నియమంతో కొలుస్తారు. పూర్తిగా నిండిన బ్యాటరీలోని గంధకామ్లం మైనస్ 50 దాకా గడ్డకట్టదు. ఖాళీ బ్యాటరీలో అది నీరులా పలచబడి, సున్నాకు ఏడెనిమిది డిగ్రీల దిగువనే గడ్డకట్టవచ్చు.

ఇంధనం వైపు కథ కూడా ఇక్కడికే వస్తుంది. చల్లని ఇంజనుకు పెట్రోలు ఎక్కువ కావాలి. మొదట ఆ పని చోక్ చేసేది. 1967లో వచ్చిన బాష్ డి-జెట్రానిక్ వంటి ఇంజెక్షన్ పద్ధతుల్లో, ఉష్ణోగ్రతను పసిగట్టే సెన్సరు ఆ మోతాదును నిర్ణయించసాగింది. కాని ఇంజెక్టరు తెరుచుకోవడానికి పట్టే కాలం వోల్టేజి తగ్గేకొద్దీ పెరుగుతుంది. బ్యాటరీ నీరసిస్తే, సరిదిద్దే ఏర్పాటు సరిగా లేనిచోట, ఇంధనం లెక్క కంటే తక్కువ పడుతుంది. అది తెలియని మెకానిక్ మోతాదు పెంచుతాడు. కొత్త బ్యాటరీ వేసిన రోజున అదే మోతాదు ప్లగ్గులను తడిపేస్తుంది.

కాబట్టి చలి స్టార్టును సరిదిద్దేవారు ముందు బ్యాటరీని చూసుకుంటారు. రాత్రంతా విశ్రాంతిగా ఉన్నాక 12.6 వోల్టులుంటే అది నిండుగా ఉన్నట్టు, 12.4కు తగ్గితే ఛార్జరు పెట్టాలి. పది సెకన్లకు మించి స్టార్టరు తిప్పరు. మధ్యలో విరామం ఇస్తారు. అసలైన చలి స్టార్టు రోజుకు ఒక్కటే దొరుకుతుంది గనుక, ప్రతి ప్రయత్నం తర్వాత బ్యాటరీని నింపి మర్నాటిదాకా ఆగుతారు. ఇంటి నుంచి రెండు మైళ్ళ దూరంలోని ఆఫీసుకు రోజూ వెళ్ళి వచ్చే కారులో ఉదయం చేసిన అప్పు సాయంత్రానికీ పూర్తిగా తీరదు. అటువంటి కారు జనవరిలో మొరాయించినప్పుడు తప్పు చలిదే అనిపిస్తుంది గాని, ఆ బాకీ అక్టోబరు నుంచే పేరుకుంటూ ఉండవచ్చు.