తుపాకీ దింపి నవ్వించినవాళ్లు

తెర మీద మేనరింగ్ కెప్టెన్, విల్సన్ ఆయన కింద సార్జెంటు. అసలు సైన్యంలో సంగతి వేరు. మేనరింగ్ వేషం కట్టిన ఆర్థర్ లో అనే నటుడు రెండో ప్రపంచ యుద్ధంలో సార్జెంట్ మేజరు దాకా ఎదిగాడు. విల్సన్‌గా నటించిన జాన్ లె మెజురియర్ కెప్టెను. కొంతకాలం అవిభక్త భారత వాయవ్య సరిహద్దులో పనిచేశాడు కూడా. 'డాడ్స్ ఆర్మీ' చూసి ఇంగ్లండు పగలబడి నవ్వడానికి సగం కారణం ఈ తారుమారు హోదాల్లోనే ఉందనిపిస్తుంది.

బీబీసీలో 1968 జులై 31న మొదలైన ఆ సీరియల్ 1977 నవంబరు దాకా, మొత్తం 80 భాగాలు నడిచింది. 1940లో జర్మన్లు వచ్చిపడతారన్న భయంతో అక్కడ ఊరూరా హోంగార్డు దళాలు పెట్టారు. ముసలివాళ్లు, సైన్యం తీసుకోని కుర్రాళ్లు అందులో చేరారు. సీరియల్లోని దళంలో బ్యాంకు మేనేజరు కెప్టెను, ఆయన గుమాస్తా సార్జెంటు, మాంసం కొట్టు యజమాని లాన్స్ కార్పోరలు. రాసిన ఇద్దరిలో ఒకడైన జిమ్మీ పెరీ పదహారేళ్లప్పుడే నిజంగా అలాంటి దళంలో చేరినవాడు. మాంసం కొట్టు ముసలాయనగా నటించిన క్లైవ్ డన్‌కు అప్పటికి యాభై కూడా నిండలేదు గానీ, గ్రీసులో జర్మన్లకు చిక్కి నాలుగేళ్లు ఖైదులో మగ్గి వచ్చాడు.

వీళ్లందరిలో నాకు ఇష్టుడు ఆర్నాల్డ్ రిడ్లీ. 1916లో ఫ్రాన్సులోని సోమ్ యుద్ధంలో తలకు తుపాకీ మడమ దెబ్బ, గజ్జల్లో బాయ్‌నెట్ పోటు తిన్నాడు. ఎడమ చెయ్యి మళ్లీ సరిగా పనిచెయ్యలేదు. రెండో యుద్ధం రాగానే మళ్లీ ఫ్రాన్సుకు పోయాడు. సీరియల్ మొదలయ్యేనాటికి డెబ్బై రెండేళ్లు. ఆయనకిచ్చిన పాత్ర గాడ్‌ఫ్రే: కవాతు మధ్యలో బాత్‌రూముకు పోయొస్తానని అనుమతి అడిగే మెతక తాతగారు. 1969లో వచ్చిన ఒక భాగంలో, మొదటి యుద్ధంలో తాను ఆయుధం పట్టనన్నానని గాడ్‌ఫ్రే ఒప్పుకుంటాడు. తోటివాళ్లు మొహం తిప్పుకుంటారు. ఆ తర్వాత గోడ మీది ఫొటోలో ఆయన ఛాతీ మీద పతకం కనబడుతుంది. సోమ్‌లో గుళ్ల వానలో గాయపడ్డవాళ్లను మోసుకొచ్చినందుకు ఇచ్చారు. ఆ దృశ్యంలో రిడ్లీ చేసింది పెద్దగా ఏమీ లేదు. మంచంలో పడుకుని కాస్త సిగ్గుపడతాడు, అంతే.

మన బొగ్గు బాయిలోకి దిగినవాళ్లకు ఈ నవ్వు కొత్త కాదు. గోదావరిఖనిలో కూలిన పైకప్పు మీద ఎవరూ జోకు వెయ్యరు. మస్టరు దగ్గర కసిరిన ఓవర్‌మెన్ మీద, క్యాంటీన్ చాయ్ మీద వేస్తారు. యుద్ధం నుంచి వచ్చిన నటులు కూడా చావు జోలికి పోలేదు. హోదా, క్యూ, రేషను, పై అధికారి బింకం మీదే పడ్డారు.

'డాడ్స్ ఆర్మీ' రాసిన పెరీ హోంగార్డు తర్వాత ఫిరంగి దళంలో చేరి మన నాసిక్ పక్కన దేవ్‌లాలి శిబిరంలో సైనికుల నాటక బృందంతో ఆడాడు. ఆ అనుభవమే 1974లో 'ఇట్ ఏంట్ హాఫ్ హాట్ మమ్' సీరియల్ అయింది. అందులో రంగీరామ్ అనే భారతీయుడిగా నటించింది మొహానికి రంగు పూసుకున్న తెల్లవాడు మైఖేల్ బేట్స్. పుట్టింది ఝాన్సీలో, బర్మాలో గూర్ఖా దళంలో ఉండి పోరాడాడు, ఉర్దూ వచ్చు. అయినా నాకా వేషం మింగుడుపడదు. నవ్వించే హక్కు అనుభవంతో వస్తుంది, నిజమే. ఎదుటివాడి చర్మం తొడుక్కునే హక్కు దానితో రాదు.

అమెరికాలో 'హోగన్స్ హీరోస్' ఇంకా విచిత్రం. జర్మన్లు నడిపిన యుద్ధఖైదీల శిబిరం మీద కామెడీ. అందులో ఫ్రెంచి ఖైదీగా నటించిన రాబర్ట్ క్లారీ నిజంగా బూకెన్‌వాల్డ్ నుంచి ప్రాణాలతో బయటపడ్డ యూదుడు. శిబిరం కమాండెంటుగా నటించిన వెర్నర్ క్లెంపరర్ కుటుంబం నాజీలకు దొరక్కుండా దేశం విడిచింది. తన పాత్ర ఎప్పుడూ గెలవకూడదన్న షరతు మీదే ఆయన ఒప్పుకున్నాడు.

మన దూరదర్శన్‌లో ఈ సైనిక కామెడీలకు దగ్గరి చుట్టం 1989 నాటి 'ఫౌజీ'. తీసింది సైన్యం నుంచి రిటైరైన కర్నల్ రాజ్ కపూర్ (సినిమా రాజ్ కపూర్ వేరు). అభిమన్యు రాయ్‌గా షారుఖ్ ఖాన్ అల్లరి గుర్తులేనివాళ్లు మా వయసులో తక్కువ. కోల్‌బెల్ట్‌లో రెండో షిఫ్టు వాళ్లకు రాత్రి సీరియళ్లు దక్కేవి కావు. మర్నాడు ఎవరో ఒకరి చేత కథ చెప్పించుకోవాల్సిందే.

తెలుగు టీవీ కూడా తక్కువ నవ్వించలేదు. ధర్మవరపు 'ఆనందోబ్రహ్మ' మొదలు 2001లో జెమినీలో వచ్చిన 'అమృతం' దాకా గుమాస్తాలూ హోటలు యజమానులూ మధ్యతరగతి మొగుళ్లూ కడుపుబ్బ నవ్వించారు. సిపాయి మాత్రం సెలవుకొచ్చి రమ్ము సీసా పంచి కోతలు కోసే మిలిటరీ మావయ్యగానే మిగిలిపోయాడు. ముడిసరుకుకు కొదవా? తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని జనం మిలిటరీ మాధవరమనే పిలుస్తారు, తరతరాలుగా పట్టాళానికి పోయిన ఊరు. 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద జపాను బాంబులు పడితే జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పరిగెత్తారు. ఆ పరుగులో ఎన్ని ప్రహసనాలు జరిగి ఉంటాయో!

అంత దూరం వద్దనుకుంటే బసంత్‌నగర్ చాలు. సిమెంటు ఫ్యాక్టరీ ఊరు, పక్కనే ఎన్టీపీసీ, ఆ పక్కన గనులు. కార్గిల్ చూసొచ్చి గేటు దగ్గర సెక్యూరిటీ గార్డైన ఓ హవల్దారును ఊహించండి. ఇంట్లో ఐడీ కార్డు మరిచిపోయి, తాను ఆఫీసరునని గంట నుంచి వాదిస్తున్న పెద్దమనిషిని ఎదురుగా నిలబెట్టండి. మొదటి ఎపిసోడ్‌కు ఇంకేం కావాలి?